కంప్యూటర్‌లో కంప్యూటర్: ఇంట్లోనే లినక్స్‌ను పరీక్షించి చూద్దాం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. ఆ మర్నాడు మన ఇళ్లలోని కంప్యూటర్లు ఏమీ ఆగిపోలేదు. ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి, పిల్లల ప్రాజెక్టులు టైప్ చేశాయి, పెళ్లి ఫొటోలు చూపించాయి. అందుకే చాలామందికి ఏదో మారిందన్న సంగతే తెలియలేదు. మారింది ఒక్కటే. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఇక మరమ్మతులు రావు. విడిగా నమోదు చేసుకున్నవారికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్‌లు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. అది గడువు పొడిగింపే తప్ప పరిష్కారం కాదు.

విండోస్ 11కు మారిపోదామంటే, దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతిది అయి ఉండాలి. అంతకుముందు తరాల డెస్క్‌టాప్‌లు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి. యంత్రం బాగానే పనిచేస్తూ ఉంటుంది, కానీ అర్హత ఉండదు.

మన సహోద్యోగులు, రిటైరైన పెద్దలు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇదే: "కొత్తది కొనాల్సిందేనా?" ఉన్న దారులు మూడు. డబ్బు పెట్టి కొత్త యంత్రం కొనడం. మద్దతు లేని విండోస్‌తోనే కాలం గడపడం. ఉన్న యంత్రంలోనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవడం. మూడో దారి పేరు లినక్స్. దానికి డబ్బు ఖర్చు కాదు. కానీ "అది ఇంజినీర్ల వ్యవహారం కదా", "ఉన్న ఫొటోలు పోతే ఎలా" అన్న రెండు భయాలు అడ్డొస్తాయి.

ఈ రెండు భయాలకూ ఒకే మందు ఉంది. ఉన్న విండోస్‌ను తాకకుండా, అందులోనే ఒక కిటికీలో లినక్స్‌ను నడిపి చూడవచ్చు. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. మా ఇంట్లోని 8 జి.బి. ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో నేను ఈ పద్ధతినే అనుసరించాను. ఆ అనుభవంతో, ఎక్కడ ఏం చేయాలో, ఏది ఎందుకు చేస్తున్నామో వివరించే ప్రయత్నమే ఈ వ్యాసం.

లినక్స్ అంటే ఏమిటి?

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి సొంతంగా ఒక కెర్నెల్ రాసి, దాన్ని అందరికీ అందుబాటులో పెట్టాడు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. మెమరీ ఎవరికి ఎంత ఇవ్వాలి, డిస్క్ మీద ఎక్కడ రాయాలి, కీబోర్డులో నొక్కిన అక్షరం ఏ ప్రోగ్రామ్‌కు చేరాలి అన్నవి నిర్ణయించేది అదే. అంతకుముందు 1983లోనే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టారు. ఆ ఉపకరణాలు, ఈ కెర్నెల్ కలిసి పూర్తి వ్యవస్థ అయ్యాయి.

కెర్నెల్ ఒక్కటే మనకు పనికిరాదు. వంటింట్లో బియ్యం ఉంటే భోజనం అయిపోదు కదా. అదే బియ్యంతో ఒకరు పులిహోర చేస్తారు, ఒకరు దద్దోజనం కలుపుతారు, ఒకరు పొంగలి వండుతారు. కెర్నెల్‌కు డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీసు ప్రోగ్రాములు చేర్చి, తినడానికి సిద్ధంగా వడ్డించిన విస్తరిని డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో మొదలైన డెబియన్, దాని ఆధారంగా 2004లో వచ్చిన ఉబుంటు, ఉబుంటు ఆధారంగా 2006లో వచ్చిన లినక్స్ మింట్ ఇటువంటివే. మన దేశంలో సి-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా 'బాస్' అనే డిస్ట్రిబ్యూషన్‌ను భారతీయ భాషల మద్దతుతో తయారు చేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్లుగా పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. తెలుగునాట హైదరాబాదు కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ వాలంటీర్లు ఈ వ్యవస్థను తెలుగులోకి తేవడానికి కృషి చేశారు.

ఇంజినీర్ల వ్యవహారం అన్న మాటకు జవాబు మన జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్‌తో నడిచేవే. మన అమ్మమ్మలు వాట్సాప్‌లో ఆశీస్సులు పంపుతున్నదీ, శాస్త్రవేత్తలు వాతావరణాన్ని లెక్కగడుతున్నదీ ఒకే కెర్నెల్ మీద.

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటి?

సొంత ఇల్లున్నవారు ఒక పోర్షన్ వేరుచేసి అద్దెకిచ్చినట్లు ఊహించుకోండి. నీళ్ల ట్యాంకు ఒకటే, కరెంటు లైను ఒకటే, పునాది ఒకటే. కానీ పోర్షన్‌కు విడి తలుపు, విడి వంటగది ఉంటాయి. అద్దెకున్నవారు తమ గోడకు ఏ రంగు వేసుకున్నా యజమాని హాలు మారదు. వర్చువల్ మెషీన్ కూడా ఇంతే. మన కంప్యూటర్‌లోని ర్యామ్, ప్రాసెసర్, డిస్క్‌లలో కొంత భాగం వేరుచేసి, "ఇదే నీ కంప్యూటర్" అని లినక్స్‌కు చూపిస్తాం. అది నమ్ముతుంది. దానికి డిస్క్‌లా కనిపించేది నిజానికి విండోస్‌లోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. నచ్చకపోతే ఆ మెషీన్‌ను ఫైళ్లతో సహా తొలగిస్తే సరి, పోర్షన్ ఖాళీ అయినట్లే. అసలు కంప్యూటర్‌ను ఆతిథేయి అని, లోపల నడిచేదాన్ని అతిథి అని పిలుస్తారు.

ఇది కొత్త ఆలోచన కాదు. 1960లలో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం పరిశోధన కేంద్రంలో పుట్టింది. ఒక్కో మెయిన్‌ఫ్రేమ్ గదంత పెద్దదిగా ఉండి, ఎంతో ఖరీదైన ఆ రోజుల్లో, ఒకే యంత్రాన్ని అనేకమందికి విడివిడి యంత్రాలుగా చూపించడం దాని ఉద్దేశం. 1972లో ఐబీఎం దీన్ని వీఎం/370 పేరుతో విడుదల చేసింది. నేడు క్లౌడ్ అని మనం వింటున్న దానిలో చాలాభాగం ఈ సూత్రం మీదే నిలబడి ఉంది.

బ్యాంకు కుటుంబాలకు ఇంకో పోలిక దగ్గరగా ఉంటుంది. కోర్ బ్యాంకింగ్‌లో ఏ కొత్త మార్పు వచ్చినా నేరుగా ఖాతాదారుల ఖాతాల మీద పెట్టరు. ముందు అచ్చం అసలులాగే ఉండే పరీక్షా వ్యవస్థలో నడుపుతారు. అక్కడ ఎన్ని తప్పుడు వోచర్లు వేసినా ఎవరి బ్యాలెన్సూ మారదు. మీ ఇంటి కంప్యూటర్‌కు అటువంటి పరీక్షా వ్యవస్థే వర్చువల్ మెషీన్.

మొదలుపెట్టే ముందు

మొదటి మాట, అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ ప్రయోగం మీ సొంత కంప్యూటర్ మీద మాత్రమే చేయాలి. బ్యాంకు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద కాదు. అందులో అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఏది పెట్టినా సమాచార భద్రతా నియమాలకు విరుద్ధం. పిల్లలు "నాన్నా, మీ ఆఫీసు ల్యాప్‌టాప్ స్పీడు ఎక్కువ కదా, దాంట్లో చేస్తా" అంటే, నవ్వి ఊరుకోకుండా కారణం వివరించి చెప్పండి.

రెండవది సామర్థ్యం. ఆతిథేయి, అతిథి ఇద్దరూ ఒకే ర్యామ్ పంచుకోవాలి కాబట్టి కనీసం 8 జి.బి. ఉంటే సుఖం. 4 జి.బి. మాత్రమే ఉంటే ఈ పద్ధతి విసుగు పుట్టిస్తుంది. అటువంటివారు తరువాత చెప్పబోయే పెన్‌డ్రైవ్ పద్ధతికి నేరుగా వెళ్లడం మేలు. డిస్క్‌లో 40 జి.బి. వరకు ఖాళీ చూసుకోండి.

మూడవది, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యం ఆన్‌లో ఉండాలి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్‌ఫార్మెన్స్ విభాగంలో సి.పి.యు. మీద నొక్కితే 'వర్చువలైజేషన్' ఎదురుగా 'ఎనేబుల్డ్' అని కనిపించాలి. లేకపోతే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు బయోస్ సెటింగ్‌లలోకి వెళ్లి ఆన్ చేయాలి. ఇంటెల్ యంత్రాల్లో దాని పేరు వీటీ-ఎక్స్, ఏఎండీ యంత్రాల్లో ఎస్‌వీఎం. మీ డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే, బయోస్ ముట్టుకునే ముందు దాని రికవరీ కీ ఎక్కడుందో వెతికి రాసిపెట్టుకోండి. సెటింగ్‌లు మారినప్పుడు విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది.

డౌన్‌లోడ్, ఆపై సంతకం సరిచూడటం

కావలసినవి రెండు. ఒకటి, వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్. జర్మనీలోని ఇన్నోటెక్ సంస్థ తయారుచేసిన దీన్ని 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ తీసుకుంది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనడంతో ఇప్పుడిది ఒరాకిల్ చేతిలో ఉంది. దానితో పాటు కనిపించే 'ఎక్స్‌టెన్షన్ ప్యాక్' మన పనికి అక్కర్లేదు, దానికి లైసెన్సు షరతులు వేరు.

రెండవది లినక్స్ మింట్ ఐ.ఎస్.ఓ. ఫైలు, సుమారు 3 జి.బి. విండోస్ అలవాటున్నవారికి కింద ఎడమవైపు మెనూ, గడియారం అన్నీ తెలిసిన చోటే కనిపిస్తాయి కాబట్టి మింట్‌ను సూచిస్తున్నాను. ఇందులో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మూడు రూపాలున్నాయి. వర్చువల్ మెషీన్‌కు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ బాగుంటుంది. మింట్ 22 శ్రేణికి 2029 ఏప్రిల్ వరకు భద్రతా అప్‌డేట్‌లు ఉన్నాయి.

ఈ రెండూ వాటి అధికారిక సైట్ల నుంచే దించుకోవాలి. ఎవరో పంపిన లింకు, స్నేహితుడి పెన్‌డ్రైవ్ వద్దు. దించుకున్నాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. చెక్కు పాస్ చేసే ముందు దాని మీది సంతకాన్ని నమూనా సంతకంతో పోల్చి చూస్తాం కదా. ప్రతి ఐ.ఎస్.ఓ. ఫైలుకూ 'షా-256' అనే పద్ధతిలో లెక్కకట్టిన ఒక పొడవైన సంకేతం ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా సంకేతం పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లోని పవర్‌షెల్‌లో 'గెట్-ఫైల్‌హ్యాష్' ఆదేశం ఇచ్చి, పక్కన ఫైలు పేరు రాస్తే ఆ సంకేతం వస్తుంది. మింట్ సైట్ ప్రకటించినదానితో అది సరిపోలాలి.

ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే హ్యాకర్లు చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగ ఐ.ఎస్.ఓ. వైపు మళ్లించారు. అందులో దొంగదారి పెట్టి ఉంది. ఆ ప్రాజెక్టువారు వెంటనే గుర్తించి, సైట్‌ను ఆపి, అసలు సంకేతాలు ప్రకటించి అందరినీ హెచ్చరించారు. పోల్చి చూసినవారు బయటపడ్డారు. సైటే దొంగల చేతిలో ఉంటే సంకేతాన్ని కూడా మార్చగలరు కాబట్టి, తయారీదారుల డిజిటల్ సంతకాన్ని సరిచూసే పద్ధతి కూడా మింట్ సూచనల్లో ఉంది. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఆ బాధ్యత వాళ్లకు అప్పగించండి. వాళ్లకు మంచి పాఠం.

మెషీన్ తయారీ

వర్చువల్‌బాక్స్ ఇన్‌స్టాల్ చేసి తెరిచాక 'న్యూ' మీద నొక్కాలి. తరువాతి వరుస ఇది:

1. మెషీన్‌కు ఒక పేరు పెట్టి, దించుకున్న ఐ.ఎస్.ఓ. ఫైలును చూపించండి. రకం లినక్స్, వెర్షన్ ఉబుంటు 64-బిట్. 'అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్' అంటే మన ప్రమేయం లేకుండా అదే చేసుకుపోవడం. అది వద్దని చెప్పండి. ఒక్కో మెట్టూ చూడటమే మన ఉద్దేశం.

2. ర్యామ్: 8 జి.బి. యంత్రంలో 4 జి.బి. ఇవ్వవచ్చు. కొలబద్ద మీద ఆకుపచ్చ భాగం దాటవద్దు. అతిథికి ఎక్కువ వడ్డించి ఇంటివాళ్లను పస్తు పెడితే ఇద్దరూ నడవరు.

3. ప్రాసెసర్లు: రెండు చాలు.

4. డిస్క్: 30 జి.బి. ఇవ్వండి. ముందుగానే మొత్తం కేటాయించే ఎంపికను వదిలేస్తే, ఫైలు వాడకాన్ని బట్టి పెరుగుతుంది. ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి లాగన్నమాట. మంజూరైంది 30, వాడుకున్నంతే లెక్క.

5. డిస్‌ప్లే సెటింగ్‌లలో వీడియో మెమరీని 128 ఎం.బి.కి పెంచండి. నెట్‌వర్క్ 'నాట్' అని ఉంటుంది, అలాగే ఉంచండి. విండోస్‌కు ఉన్న ఇంటర్నెట్టే లోపలికీ వస్తుంది.

ఇక 'స్టార్ట్' నొక్కితే నల్లని తెర, ఒక చిన్న మెనూ, కాసేపటికి మింట్ డెస్క్‌టాప్ వస్తాయి. మౌస్ లోపల చిక్కుకుపోయినట్లనిపిస్తే కీబోర్డు కుడివైపు కంట్రోల్ కీ నొక్కండి, బయటపడుతుంది. కిటికీ అడుగున తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్ సొంత వర్చువలైజేషన్ పొర అడ్డుగా ఉండి మన మెషీన్ నెమ్మదిగా నడుస్తోందని అర్థం. దాని కోసం విండోస్ భద్రతా సెటింగ్‌లు మార్చవద్దు. పరీక్షకు ఆ వేగం సరిపోతుంది.

భయపెట్టే ఆ ఒక్క వాక్యం

డెస్క్‌టాప్ మీద 'ఇన్‌స్టాల్ లినక్స్ మింట్' అనే గుర్తు ఉంటుంది. నొక్కితే భాష అడుగుతుంది. జాబితాలో తెలుగు కూడా కనిపిస్తుంది. తరువాత కీబోర్డు, ఆపైన ఆడియో, వీడియోలకు కావలసిన కోడెక్‌లు. ఆ తరువాత వస్తుంది అసలు వాక్యం: డిస్క్ మొత్తం చెరిపేసి లినక్స్ మింట్ ఇన్‌స్టాల్ చేయమంటారా?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇక్కడ ఆగనక్కరలేదు. అది చెరిపేస్తానంటున్నది మనం ఇచ్చిన 30 జి.బి. ఫైలును మాత్రమే. విండోస్, అందులోని ఫొటోలు దానికి కనిపించనే కనిపించవు. తెరమీద చూపించే డిస్క్ పరిమాణం సుమారు 30 జి.బి. అని ఉందో లేదో చూసుకోండి. ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లండి.

కానీ ఇదే వాక్యం రేపు అసలు కంప్యూటర్ మీద కనిపిస్తే అర్థం పూర్తిగా వేరు. అక్కడ అది అన్నంత పనీ చేస్తుంది. పాప మొదటి పుట్టినరోజు వీడియో, నాన్నగారి పింఛను కాగితాల స్కాన్లు, పదేళ్ల ఫారం-16లు ఏవీ మిగలవు. పదాలు ఒకటే, పర్యవసానం వేరు. ఈ తేడాను ప్రమాదం లేని చోట ముందే ఒకసారి చూసి ఉండటమే ఈ ప్రయోగంలో పెద్ద లాభమని నా అభిప్రాయం.

ఆ తరువాత టైమ్ జోన్‌కు కోల్‌కతా, ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. బ్యాంకు పాస్‌వర్డ్ ఏదీ ఇక్కడ మళ్లీ వాడవద్దు. పని పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే మీ లినక్స్ సిద్ధం.

వెంటనే 'స్నాప్‌షాట్' తీయండి. ఆ క్షణంలో మెషీన్ ఉన్న స్థితిని వర్చువల్‌బాక్స్ భద్రపరుస్తుంది. రేపు ఏదైనా చెడిపోతే ఒక్క నొక్కుతో ఇక్కడికి తిరిగి రావచ్చు. మన రివర్సల్ ఎంట్రీ కంటే ఇది సుఖం. పుస్తకాల్లో మరక కూడా ఉండదు.

వారం రోజులు ఏం చూడాలి?

ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ రోజువారీ పని ఒకటి అందులో చేసి చూడాలి. రంగులు, వాల్‌పేపర్లు చూసి తేల్చే విషయం కాదిది. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: పని, జరిగిందా, ఇబ్బంది ఏమిటి.

బ్రౌజరుతో జరిగే పనులన్నీ సాధారణంగా జరుగుతాయి. ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటుంది, క్రోమ్ కావాలంటే పెట్టుకోవచ్చు. వాట్సాప్ వెబ్, యూట్యూబ్, పిల్లల ఆన్‌లైన్ తరగతులు, ఆదాయపు పన్ను పోర్టల్ అన్నీ బ్రౌజరులోనివే. జూమ్‌కు లినక్స్ రూపం ఉంది. పైథాన్ నేర్చుకునే పిల్లలకు అది ముందే ఉంటుంది.

ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రెఆఫీస్ ఉంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది. సాదా ఫైళ్లతో ఇబ్బంది లేదు. మాక్రోలతో నిండిన ఎక్సెల్ షీట్లు, బాగా అలంకరించిన వర్డ్ పత్రాలు కొంత చెదరవచ్చు. మీ ఇంటి బడ్జెట్ షీట్‌ను ఈమెయిల్ ద్వారా పంపుకుని లోపల తెరిచి చూడండి.

తెలుగు సంగతి ప్రత్యేకంగా చూడాలి. యూనికోడ్ తెలుగు చదవడం సమస్య కాదు. టైప్ చేయడానికి కీబోర్డు సెటింగ్‌లలో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వస్తుంది. ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి చేర్చుకుంటే యాపిల్ పద్ధతి, పోతన పద్ధతి, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతి కూడా ఉంటాయి. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడాలనుకునేవారికి ఆర్.టి.ఎస్. నచ్చుతుంది. కానీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసేవారు, అంటే ఇంట్లో డీటీపీ చేసేవారు, పాత పుస్తకాల ఫైళ్లున్నవారు విండోస్ వదలలేరు. ఆ పరికరాలు విండోస్ కోసం చేసినవి.

వదలలేనివారు ఇంకొందరున్నారు. ట్యాలీ నడిపే ఇల్లు, విండోస్ ఆటలకు అలవాటుపడిన పిల్లలు ఈ కోవలోకి వస్తారు. డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారు తమ టోకెన్ తయారీదారు లినక్స్ డ్రైవర్ ఇస్తున్నారో లేదో కనుక్కోవాలి. పెన్షనర్ల జీవన్ ప్రమాణ్‌కు మాత్రం కంప్యూటర్ మీద ఆధారపడక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపించి ఇచ్చే సౌకర్యం ఉంది.

ఇక్కడ తేలని విషయాలు

వర్చువల్ మెషీన్ అన్నీ చెప్పదు. లోపలి లినక్స్‌కు కనిపించేది మీ అసలు వైఫై కార్డు కాదు, వర్చువల్‌బాక్స్ చూపించే ఊహా కార్డు. గ్రాఫిక్స్ కూడా అంతే. ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోతుందా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, వెబ్ కెమెరా పనిచేస్తుందా అన్నవి ఇక్కడ తేలవు. వేగాన్ని చూసి కూడా తీర్పు ఇవ్వకూడదు. సగం ర్యామ్‌తో, విండోస్ భుజాల మీద కూర్చుని నడిచినదానికంటే, మొత్తం యంత్రం తనకే ఇచ్చినప్పుడు లినక్స్ చురుగ్గా ఉంటుంది.

కాబట్టి రెండవ పరీక్ష లైవ్ పెన్‌డ్రైవ్. 8 జి.బి. పెన్‌డ్రైవ్‌లోకి అదే ఐ.ఎస్.ఓ.ను రూఫస్ లేదా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి పోతాయి. దానితో కంప్యూటర్‌ను బూట్ చేస్తే, డిస్క్‌ను తాకకుండా అసలు యంత్రం మీదే లినక్స్ నడుస్తుంది. అప్పుడు వైఫై, శబ్దం, ప్రింటర్, కెమెరా ఒక్కొక్కటీ చూసుకోండి. ఇక్కడ ఇన్‌స్టాల్ గుర్తు మీద మాత్రం చేయి వేయవద్దు. ఇప్పుడున్నది పోర్షన్‌లో కాదు, అసలు ఇంట్లో.

భద్రత గురించి ఒక మాట

"వర్చువల్ మెషీన్‌లో నెట్ బ్యాంకింగ్ చేస్తే క్షేమం కదా" అని ఒక మిత్రుడు అడిగారు. కాదు. పోర్షన్‌కు వెళ్లాలన్నా ఇంటి గేటు దాటాలి. మీరు నొక్కే ప్రతి అక్షరం ముందు విండోస్ గుండానే లోపలికి వెళుతుంది. విండోస్‌లో కీలాగర్ కూర్చుని ఉంటే లోపలి పాస్‌వర్డును కూడా అది చూస్తుంది. మద్దతు లేని విండోస్ మీద నడిచే వర్చువల్ మెషీన్ పరీక్షకు చాలు, పాస్‌బుక్‌కు చాలదు. లోపలికీ బయటికీ ఉమ్మడి ఫోల్డర్లు, ఉమ్మడి క్లిప్‌బోర్డు పెడితే మధ్య గోడకు కిటికీ తెరిచినట్లే. అవసరమైనప్పుడు తెరిచి, ఆపైన మూసేయండి.

లినక్స్‌ను అసలు యంత్రం మీద పెట్టుకున్నాక కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. విండోస్ కోసం రాసిన వైరస్‌లు చాలావరకు దానిమీద పనిచేయవు. కానీ మోసగాడి ఫోన్‌కాల్‌కు ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిలేదు. ఓటీపీ చెప్పేసినా, తెర పంచుకునే యాప్ పెట్టుకున్నా, నకిలీ బ్యాంకు పేజీలో పాస్‌వర్డు కొట్టినా ఏ లినక్సూ కాపాడదు. ఎప్పుడైనా డబ్బు పోయినట్లు తెలిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

నిర్ణయం ఎలా?

వారం తరువాత మూడు గళ్ల కాగితం తీయండి. పనులన్నీ బ్రౌజరు, ఉత్తరాలు, వీడియోలతో సరిపోయి, లైవ్ పెన్‌డ్రైవ్ పరీక్షలో వైఫై, ప్రింటర్ పనిచేస్తే, పాత యంత్రాన్ని లినక్స్‌కు మార్చుకోవచ్చు. మా ఇంట్లో ఆ కాగితం ఇదే చెప్పింది. మార్చేముందు ముఖ్యమైన ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల నకలు తీసి, ఆ నకళ్లు వేరే యంత్రంలో తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనుకోవద్దు.

ట్యాలీయో, అను ఫాంట్లో, ప్రత్యేక పరికరమో తప్పనిసరి అని తేలితే, కొత్త యంత్రం కొనడమే సరైన ఖర్చు. అప్పుడు కూడా పాతదాన్ని తూకానికి వేయకుండా, లినక్స్‌తో పిల్లల చదువుకు ఇవ్వవచ్చు. రెండూ కాక మధ్యలో ఉన్నవారు అదనపు అప్‌డేట్‌ల గడువు ఉన్నంతవరకు విండోస్‌లో ఉండి, ఈలోగా వర్చువల్ మెషీన్‌లో అలవాటు చేసుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా ఒక్కటి మాత్రం చేయవద్దు: ఏమీ నిర్ణయించుకోకుండా, మరమ్మతులు ఆగిపోయిన యంత్రంలో ఖాతా నంబర్లు కొడుతూ ఉండటం. అప్పు ఇచ్చేముందు కాగితాలు చూస్తాం, బంగారం తీసుకునేముందు గీటురాయి మీద గీస్తాం. ఇంటి కంప్యూటర్ విషయంలో ఆ గీటురాయికి ఖర్చు ఒక ఆదివారం మధ్యాహ్నం, 3 జి.బి. డేటా.